అటక మీద దొరికిన పెద్ద గొట్టపు తుపాకీ: ఇది ఏనుగుల వేటదేనా, ఇంట్లో ఉంచుకోవచ్చా?

ప్రశ్న (విశాఖపట్నం మహారాణిపేట నుంచి):
భీమునిపట్నంలోని మా పాత పెంకుటింటిని విప్పిస్తుండగా అటక మీద గోనెపట్టాలో చుట్టిన తుపాకీ ఒకటి దొరికింది. మా తాతగారు కాలం చేసి పదకొండేళ్ళయింది. ఆయన పేరిట ఉన్న లైసెన్సు కాగితం మాత్రం కనబడలేదు. మందు మూతి నుంచే కూరే రకం, గుర్రం (మీట నొక్కితే పడే సుత్తి) దెబ్బ పడేచోట రాగి టోపీ (దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న తొడుగు) తొడిగే చిన్న మొలక ఉంది. గొట్టం పొడవు 76 సెంటీమీటర్లు, మూతి వ్యాసం 18 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ, బరువు నాలుగున్నర కిలోలు. గొట్టం లోపల ఎదురెదురుగా రెండే రెండు లోతైన గాడులు ఉన్నాయి. ఇది ఏనుగులను కొట్టిన తుపాకీ అని మా బాబాయిగారు గట్టిగా చెబుతున్నారు. అది నిజమేనా? ఒకసారి కాల్చి చూడవచ్చా? తెలిసిన పెద్దలు చెప్పగోరుతాను.

జవాబు (ఎంవీపీ కాలనీ నుంచి):
ముందుగా మీ చివరి మాటకే జవాబు చెబుతాను: కాల్చవద్దు, టోపీ తొడగవద్దు, గుర్రాన్ని వెనక్కు లాగనైనా లాగవద్దు. ఇటువంటి తుపాకులు నింపిన మందుతోనే దశాబ్దాల తరబడి అటకల మీద పడి ఉంటాయి. ఆ నల్లని తుపాకిమందు పొడిగా ఉంటే ఏళ్ళు గడిచినా చావదు. మూతిని మనుషులు లేని వైపు పెట్టి, మీ ముఖం దానికి ఎదురు రాకుండా పక్కన నిలబడి, సన్నని చెక్క కడ్డీని లోపలికి ఆనేవరకు మెల్లగా దించి, మూతి దగ్గర గుర్తు పెట్టండి. ఆ కడ్డీని బయట గొట్టం పక్కన పెట్టి చూస్తే దాని కొస టోపీ మొలక దాకా రావాలి. రెండు మూడు వేళ్ళ మేర తక్కువైతే లోపల మందూ గుండూ ఉన్నాయనే అనుకోవాలి. అప్పుడు దాన్ని లాగి తీసే ప్రయత్నం మీరు చేయకూడదు.

ఇక ఏనుగుల సంగతి. పాతకాలపు బోరు లెక్క ఏమిటంటే, ఒక పౌను సీసంతో గొట్టానికి సరిపడే గుండ్లు ఎన్ని పోయవచ్చో ఆ సంఖ్యే బోరు. ఏనుగుల వేటకు వాడిన నాలుగు బోరు తుపాకీ గుండు పావు పౌను, అంటే 113 గ్రాములు. మీ గొట్టానికి పట్టే గుండు లెక్కగడితే సుమారు 34 గ్రాములు వస్తుంది. సింహళంలో ఏనుగులను వేటాడిన శామ్యూల్ బేకర్ 1840లో బ్రిస్టల్‌లో చేయించుకున్న తుపాకీ 21 పౌన్లు, అంటే తొమ్మిదిన్నర కిలోలు తూగేది. మూడు ఔన్సుల, అంటే 85 గ్రాముల గుండుకు 28 గ్రాముల మందు కూరేవారు. ఆ నల్లని తుపాకిమందుతో గుండు వేగాన్ని ఒక హద్దు దాటించలేరు కనుక ఆనాటి వేటగాళ్ళు బరువునే నమ్ముకున్నారు. గుండు వ్యాసం రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. దానితోపాటు భుజానికి తగిలే దెబ్బా పెరుగుతుంది, ఆ దెబ్బకు ఓర్చుకోవడానికే తుపాకీని అంత బరువుగా చేసేవారు.

మీ వివరాల్లో నన్ను ఆకట్టుకున్నది ఆ రెండు గాడులే. చుట్టూ వడ్డాణంలా ఉబ్బెత్తు పట్టీ ఉన్న గుండును ఆ గాడుల్లో అమర్చి దించేవారు. బేకర్ తుపాకీదీ ఇదే పద్ధతి. అయితే 17.9 మిల్లీమీటర్ల వ్యాసం, 76 సెంటీమీటర్ల గొట్టం, రెండు గాడులు కలిసి కనబడితే నాకు మొదట గుర్తుకొచ్చేది 1830ల చివర బ్రిటిష్ సైన్యం స్వీకరించిన బ్రన్స్‌విక్ రైఫిల్. కొన్నిసార్లు కాల్చాక మసి పేరుకుని గుండు దిగక సిపాయిలను విసిగించిందని దానికి పేరు. నేపాల్‌లోనూ అదే నమూనాలో చేశారు. గుర్రం పక్కనున్న ఇనుప రేకు మీద ముద్ర ఏదైనా ఉందేమో చూడండి, ఉప్పుకాగితంతో రుద్ది ఆ ముద్రను మాత్రం చెరిపేయకండి. ఏనుగుల కథ పూర్తిగా అబద్ధమని అనను గానీ, బాబాయిగారి మాట కంటే కొలతబద్ద మాటనే నేను నమ్ముతాను.

జవాబు (సీతమ్మధార నుంచి, విశ్రాంత న్యాయవాది):
చట్టం సంగతి నేను చెబుతాను. లైసెన్సు తాతగారితోనే పోయింది, అది వారసులకు దానంతటదే సంక్రమించదు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షను ప్రకారం, వారసులు అనవసర జాప్యం లేకుండా ఆయుధాన్ని దగ్గరి పోలీసు స్టేషనులో గానీ, లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి దగ్గర గానీ జమచేయాలి. దాన్ని సంచిలో వేసుకుని ఆటోలో బయలుదేరకండి. ముందు స్టేషనుకు ఫోను చేసి, విషయం చెప్పి, వారు చెప్పినట్లు చేసి, రసీదు తప్పక తీసుకోండి. ఉంచుకోవాలనుకుంటే తర్వాత నగర పోలీసు కమిషనరు కార్యాలయంలో వారసత్వపు దరఖాస్తు పెట్టుకోవచ్చు. బాగుచేసినా పేలని స్థితిలో ఉన్న పురాతన ఆయుధానికి 45వ సెక్షనులో మినహాయింపు ఉంది. కానీ ఆ స్థితిని మీరే తేల్చేసుకుని గోడకు తగిలించుకోవడం తెలివైన పని కాదు.

ప్రశ్న (నర్సీపట్నం నుంచి):
మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా చేలో అడవిపందులు పడుతున్నాయి. ఇటువంటి తుపాకీకి పంట కాపలా కోసం లైసెన్సు ఇస్తారని విన్నాను, నిజమేనా?

జవాబు (సీతమ్మధార నుంచి):
నిజమే, పంట రక్షణ కోసం మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇచ్చే వీలు అదే చట్టం 13వ సెక్షనులో ఉంది. అయితే తుపాకీకి లైసెన్సు వేరు, జంతువును చంపడానికి అనుమతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షను వేటను నిషేధిస్తుంది, 1991 సవరణతో వేట లైసెన్సులే పోయాయి. పంట నష్టం ఉన్నచోట 11వ సెక్షను కింద అటవీ అధికారుల అనుమతి కాగితం చేతికి వచ్చాకే ఏదైనా. ముందు రేంజి కార్యాలయానికి వెళ్ళండి.

ప్రశ్న అడిగినవారు (మహారాణిపేట నుంచి):
కడ్డీ దించి చూశాను, నాలుగు వేళ్ళ మేర తక్కువ వచ్చింది. తుపాకీని ఉన్నచోటనే వదిలి, గదికి తాళం వేసి, స్టేషనుకు ఫోను చేశాను. రేపు ఉదయం వచ్చి తీసుకువెళ్తామన్నారు. ఇనుప రేకు మీద తుప్పు మధ్యలో కిరీటం లాంటి గుర్తు సగం కనబడుతోంది, రుద్దలేదు. చిన్నతనంలో మేమంతా ఆ అటక మీదనే దాగుడుమూతలు ఆడుకున్నామని బాబాయిగారికి చెబితే, ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.