మింగలేని రోగికి బుగ్గలో మార్ఫిన్ చుక్కలు వేయడం సబబేనా?

చిన్నకూతురు:
మా నాన్నగారి క్యాన్సర్ చివరి దశకు వచ్చింది. ఆయన ఇంట్లోనే హాస్పిస్ సేవలో (చివరి దశ రోగులకు బాధ తగ్గించే సేవ) ఉన్నారు. నాలుగు వారాలుగా నాలుగు గంటలకోసారి 5 మి.గ్రా. మార్ఫిన్ మాత్ర వేసుకుంటూ కుదురుగానే ఉన్నారు. మొన్నటి నుంచి మాత్ర నాలుక మీదే ఉండిపోతోంది. నిన్న నర్సుగారు చెప్పినట్టే నూరి నీళ్లలో కలిపి పోస్తే పెదవి చివర నుంచి దిండు మీదికి కారిపోయింది. దాంతో ఆవిడ చిన్న సీసా ఒకటి తెచ్చి ఇచ్చారు. అందులోని ద్రావణంలో మి.లీ.కి 20 మి.గ్రా. మార్ఫిన్ ఉంటుందట. సూది లేని సిరంజితో పావు మి.లీ. తీసి బుగ్గకూ చిగురుకూ మధ్య వేయమన్నారు.

మా అన్నయ్య ఒప్పుకోవడం లేదు. మింగలేని మనిషి నోట్లో ద్రవం పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని, మగతలో ఉన్న మనిషికి నొప్పి మందు ఎందుకని, ఈ చుక్కలే ప్రాణం తీస్తే ఆ పాపం ఎవరిదని అడుగుతున్నాడు. నాకు సమాధానం తోచలేదు. తెలిసినవారు చెప్పగలరు.

రాత్రిడ్యూటీ:
నేను హాస్పిస్ నర్సును. మీ అన్నయ్యగారి మొదటి భయం గురించి ముందు చెబుతాను. పావు మి.లీ. అంటే సుమారు ఐదు చుక్కలు, అది గుక్కెడు కూడా కాదు. మనిషి పొలమారేది గ్లాసుతో నీళ్లు పట్టినప్పుడు, చెంచాతో జావ పోసినప్పుడు. ఐదు చుక్కలకు ఆ ప్రమాదం చాలా తక్కువ. తల వైపు మంచాన్ని కాస్త ఎత్తి, ముఖాన్ని పక్కకు తిప్పి, తడి స్పాంజితో నోరు తుడిచి, అప్పుడు కింది బుగ్గ లోపలికి మెల్లగా వదలండి. నోరు తడపడం మాత్రం మరవవద్దు, ఎండిపోయిన చిగురుకు మందు అంటుకుని అక్కడే ఉండిపోతుంది.

ఇక మగతలో నొప్పి తెలియదన్న మాటను నేను అంగీకరించను. ఆయనను పక్కకు ఒత్తిగిల్లజేసేటప్పుడు ముఖం చూడండి. కనుబొమల మధ్య ముడి పడుతుందా, వేళ్లు దుప్పటిని పట్టుకుంటున్నాయా, ఊపిరితో పాటు మూలుగు వస్తోందా? నోటితో చెప్పలేని మనిషి చెప్పే తీరు అదే. పైగా నాలుగు వారాలుగా మార్ఫిన్‌కు అలవాటుపడిన శరీరానికి దాన్ని ఒక్కసారిగా ఆపితే చెమటలు, అశాంతి, ఒళ్లంతా పీకుడు మొదలవుతాయి. ఏమీ ఇవ్వకుండా ఉండటం కూడా ఒక నిర్ణయమేనని, దాని ఫలితాన్ని ఆయనే అనుభవిస్తారని గుర్తుంచుకోండి.

మందులపెట్టె:
నేను ఫార్మసిస్టును. నర్సుగారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను. అయితే ఈ విషయంలో ఇళ్లలోనూ ఆస్పత్రుల్లోనూ చెలామణి అయ్యే ఒక మాటను సరిదిద్దాలి. నాలుక కిందో బుగ్గలోనో వేస్తే మార్ఫిన్ అక్కడి నుంచే రక్తంలోకి చేరిపోతుందని అంటారు. అది పూర్తిగా నిజం కాదు. నోటి లోపలి పొర కొవ్వులో కరిగే మందులను సులువుగా రానిస్తుంది, మార్ఫిన్ ఆ కోవకు చెందదు. మార్ఫిన్ లాంటి నొప్పి మందులను పోల్చి 1988లో ప్రచురించిన ఒక పరీక్షలో నాలుక కింద ఉంచిన ఫెంటానిల్‌లో 51 శాతం, మెథడోన్‌లో 34 శాతం లోపలికి వెళ్లగా, మార్ఫిన్‌లో 18 శాతమే వెళ్లింది. మిగిలింది లాలాజలంతో కలిసి మెల్లగా గొంతు దిగి, కడుపు నుంచి పేగుకు చేరి, అక్కడ పని చేస్తుంది. అంటే బుగ్గలో చుక్కలు వేయడం ఒక రకంగా మింగించడమే, కాకపోతే రోగి చేత ప్రయత్నం చేయించకుండా మింగించడం.

ఈ తేడా పుస్తకాలకే పరిమితమని అనుకోవద్దు. గొంతు కొద్దిగానైనా కదులుతున్నంత కాలం చుక్కలు పని చేస్తాయి. ఆ కదలిక కూడా ఆగిపోయి, వేసింది వేసినట్టే బుగ్గలో నిలుస్తుంటే మోతాదు పెంచుకుంటూ పోవడంలో అర్థం లేదు, దారి మార్చాలి. చర్మం కింద చిన్న సీతాకోకచిలుక సూది (బటర్‌ఫ్లై నీడిల్) పెట్టి, అవసరమైతే మందును 24 గంటల పాటు మెల్లగా ఎక్కించే సిరంజి పంపుకు కలపడం నా దృష్టిలో అన్నింటికన్నా నమ్మకమైన దారి. అప్పుడు నోటి మోతాదును యథాతథంగా ఇవ్వకూడదు, సాధారణంగా అందులో సగం సరిపోతుంది. మగతలో ఉన్నవారికి ఆందోళన తగ్గించే మిడజోలామ్, వికారానికి హాలోపెరిడాల్ కూడా ఈ దారిలోనే వెళ్తాయి.

మరి కొన్ని విషయాలు. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను ఎప్పుడూ నూరకూడదు, పన్నెండు గంటల మందు ఒక్కసారిగా ఒంట్లోకి దిగుతుంది. మీరు నిన్న నూరింది నాలుగు గంటలకోసారి వేసే మాత్ర కాబట్టి ప్రమాదం తప్పింది. ఫెంటానిల్ ప్యాచ్ చివరి రోజుల్లో కొత్తగా మొదలుపెట్టేది కాదు, అతికించాక సరైన స్థాయికి రావడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. మణికట్టు మీద రాసే కలగలుపు జెల్ ఒకటి కొన్నిచోట్ల వాడుకలో ఉంది. లోరజిపామ్, డైఫెన్‌హైడ్రమిన్, హాలోపెరిడాల్ కలిపిన ఆ జెల్ చర్మం గుండా తగినంత లోపలికి పోదు కనుక వికారానికి వాడవద్దని అమెరికాలోని ఉపశమన వైద్యుల సంఘం 2013లోనే చెప్పింది. రాసినవారికి తృప్తి, రోగికి శూన్యం.

సందేహి:
ఇక్కడ అందరూ దారి గురించి మాట్లాడుతున్నారు, నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఇంగ్లండ్‌లోని గాస్‌పోర్ట్ వార్ మెమోరియల్ ఆస్పత్రిలో 1989 నుంచి 2000 వరకు వైద్యపరమైన కారణం లేకుండానే బలమైన ఓపియాయిడ్లు (మార్ఫిన్ లాంటి నొప్పి మందులు) ఇచ్చి 456 మంది ఆయువు తగ్గించారని 2018లో స్వతంత్ర విచారణ బృందం తేల్చింది. వాళ్లలో ఎందరికో ఆ మందు వెళ్లింది ఇదే సిరంజి పంపులో. పుళ్లు మానడానికో, తుంటి ఆపరేషన్ తర్వాత కోలుకోవడానికో వచ్చినవారూ అందులో ఉన్నారు. బంధువులు అడిగినా వినిపించుకున్నవారు లేరు. కాబట్టి ఈ అమ్మాయి అన్నయ్య అడిగిన ప్రశ్నను అమాయకత్వంగా తీసిపారేయకండి. ఫలానా లక్షణానికి ఫలానా మందు, ఇంత మోతాదు, ఇన్ని గంటలకు అని కాగితం మీద రాసి ఇవ్వనంత వరకు సందేహించే హక్కు ఆయనకు ఉంది.

రాత్రిడ్యూటీ:
సందేహిగారూ, ఆ హక్కును నేను కాదనను. అయితే గాస్‌పోర్ట్‌లో జరిగిన తప్పు పంపుది కాదు. నొప్పి ఉందో లేదో చూడకుండా మొదలుపెట్టడం, ఎక్కడి నుంచి ఎక్కడికైనా పెంచుకునేలా మోతాదును వదిలేయడం ఆ తప్పు. ఇక్కడున్న రోగి నాలుగు వారాలుగా అదే మందు, అదే మోతాదు తీసుకుంటున్నారు. పాత మోతాదుకు సమానమైనదాన్ని కొత్త దారిలో ఇవ్వడం ఆయువును తగ్గించే పని కాదు.

ఫార్మసిస్టుగారికీ ఒక మాట. చర్మం కింది సూది మేలైనదే, కానీ దాన్ని పెట్టేవారు రావాలి కదా. అర్ధరాత్రి రెండు గంటలకు మూలుగు మొదలైతే తెల్లవారేదాకా ఆ ఇంట్లో ఉండేది సీసా, సిరంజి, కూతురు. ఆ వేళకు 18 శాతమైనా, గొంతు దిగేదైనా నాకు చాలు.

మందులపెట్టె:
ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. ఒకటి మాత్రం అడగాలి: మూత్రం ఎంత వస్తోంది? మూత్రపిండాలు మందగిస్తే మార్ఫిన్ నుంచి పుట్టే పదార్థాలు ఒంట్లో పేరుకుంటాయి. కండరాలు ఉలిక్కిపడినట్టు కొట్టుకోవడం, గాలిలో ఏదో అందుకుంటున్నట్టు చేతులాడించడం కనబడతాయి. దాన్ని నొప్పి అనుకుని మరో మోతాదు ఇస్తే ఇంకా పెరుగుతుంది. అప్పుడు మోతాదు తగ్గించడమో, ఫెంటానిల్ వంటి వేరే మందుకు మారడమో డాక్టరే నిర్ణయించాలి.

సందేహి:
గొంతులో గురగుర మొదలైతే కంటి చుక్కల మందు నాలుక కింద వేస్తారట. అది రోగి కోసమా, చూసేవారి కోసమా?

రాత్రిడ్యూటీ:
నిజం చెప్పాలంటే చాలాసార్లు చూసేవారి కోసమే. ఆ స్థితిలో రోగికి దానివల్ల బాధ ఉండదనే నమ్ముతాం. గురగుర మొదలయ్యాక ఆ కంటి చుక్కలు, అంటే అట్రోపిన్, పెద్దగా తేడా చూపినట్టు ఆధారాలు లేవు. శబ్దం రాకముందే హయోసిన్ బ్యూటైల్‌బ్రోమైడ్ (గొంతులో ఊరే ద్రవాలను తగ్గించే మందు) ఇస్తే కొంత ఫలితం ఉందని నెదర్లాండ్స్‌లో జరిపిన పరీక్ష 2021లో చూపింది: మందు తీసుకున్నవారిలో 13 శాతం మందికి, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 27 శాతం మందికి గురగుర వచ్చింది. నేనైతే ముందు మనిషిని పక్కకు తిప్పుతాను. సగం సార్లు దానితోనే సర్దుకుంటుంది.

చిన్నకూతురు:
అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు డాక్టరుగారితో ఫోనులో మాట్లాడాము. మూత్రం బాగా తగ్గిందని చెప్పాక ఆయన మోతాదును సగానికి తగ్గించి, చర్మం కింద సూది పెట్టడానికి రేపు ఉదయం నర్సును పంపుతామన్నారు. అప్పటిదాకా చుక్కలే. ఏ మందు, ఎంత, ఎందుకు అన్నది మొత్తం రాసి పంపమని అన్నయ్యే అడిగాడు, వెంటనే పంపారు. సిరంజి మాత్రం తను పట్టనన్నాడు, నేనే వేస్తున్నాను. గోడ గడియారం చూసి టైము, నాన్న కనుబొమలు ఎలా ఉన్నాయన్నది పుస్తకంలో రాసేది తను. ఇంకొక సందేహం: దుప్పటి మార్చేటప్పుడే ఎక్కువగా మూలుగుతున్నారు. చుక్కలు ముందు వేయాలా, తర్వాతా?

రాత్రిడ్యూటీ:
ముందే వేయండి, వేశాక అరగంట ఆగి దుప్పటి తీయండి. ఆ అరగంటను కూడా పుస్తకంలో రాయమనండి.