బండ మీద ఇల్లు: పడమటి ఎండ, స్లాబు వేడి ఎట్ల తగ్గించాలె?

ప్రశ్న: దేవరకొండ దగ్గర 300 గజాల జాగ ఉంది. సగం జీవరాయి బండ, తూర్పుకు నాలుగడుగుల వాలు. రోడ్డు పడమర. బండను పేల్చి చదును చేయమని కొందరు, చుట్టూ 18 ఇంచుల రాతి గోడ కడితే ఏసీ అక్కర్లేదని కొందరు అంటున్నరు. పెద్ద బెడ్రూము నైరుతిలోనే ఉండాలని ఇంట్లోవాళ్ల పట్టు. తెలిసినోళ్లు చెప్పండి.

జవాబు (ఆర్కిటెక్టు): పేల్చకండి అన్నా. పేలిస్తే కింద మిగిలిన రాయి కూడా పగుళ్లిస్తది, ఆ సందుల్లోంచి వానాకాలం ఊట లోపలికొస్తది. ఇంటినే రెండు మట్టాల్లో పెట్టండి: పడమర ఎత్తు మీద వరండా, హాలు, పెద్ద బెడ్రూము, నాలుగు మెట్లు దిగితే తూర్పున వంటిల్లు, రెండో బెడ్రూము. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం అయితది కాబట్టి వాస్తు చూసేవాళ్లకూ పేచీ ఉండదు.

అసలు చిక్కు ఆ నైరుతి గదే, ఇంట్లో ఎక్కువ వేడెక్కేది అదే. మన దగ్గర మే రెండో వారం నుంచి ఆగస్టు మొదలు దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి మీద, కొంచెం ఉత్తరంగా ఉంటడు. అందుకే ఎండాకాలం దక్షిణం గోడకు 2 అడుగుల ఛజ్జా (కిటికీ మీద బయటికి పొడుచుకొచ్చే చిన్న స్లాబు) సరిపోతది. పడమర అట్ల కాదు. మే నెలల నాలుగింటికి 2 అడుగుల ఛజ్జా నీడ గోడ మీద అడుగున్నర కూడా దిగదు, కిటికీ కింది భాగమంతా ఎండే. ఛజ్జా పొడుగు పెంచుకుంటా పోవుడు దండగ. ఆ గోడకు కిటికీ తీసేసి దక్షిణానికి పెట్టండి, లోపల గోడ పొడుగునా రెండడుగుల కబోర్డులు కట్టండి. బయట ఒకటిన్నర, రెండడుగుల దూరంలో ఇనుప జాలి నిలబెట్టి రాధామనోహరం పాకించండి. తీగను గోడకే అంటిస్తే గాలాడదు, చెమ్మ పడ్తది.

18 ఇంచుల రాతి గోడ పొద్దంతా చల్లగుంటది, నిజమే. కానీ పడమర వైపు కడితే సాయంత్రం తాగిన వేడిని సరిగ్గా నిద్రవేళకు గదిలోకి వదుల్తది. రాయిని నీడలో ఉండే లోపలి గోడలకు వాడండి. మే నెలల పొద్దున తొమ్మిదికల్లా కిటికీలు మూసి, చీకటి పడ్డంక ఎదురెదురుగా తెరిస్తేనే ఆ గోడలు మళ్ల చల్లబడ్తయి.

ప్రశ్న: మరి పడమర గోడ దేంతోటి కట్టాలె? బండ మీద పునాది జారదా?

జవాబు (కట్టుబడి మేస్త్రీ): ముందు సమ్మెటతో బండను అడుగడుగునా కొట్టి చూడండి. ఖంగుమంటే జీవరాయి, బోలుగా మోగితే పైన పొర లేచినట్టే, ఆ పొర తీసేయాలె. వాలు మీద నేరుగా కాంక్రీటు పొయ్యొద్దు, మెట్లు మెట్లుగా చెక్కించాలె. పిల్లరుకు నాలుగు చొప్పున అడుగు లోతు రంధ్రాలు తొలిచి 16 మిల్లీమీటర్ల రాడ్లు దింపి గ్రౌటింగు చెయ్యాలె, అంటే సందుల్ల పల్చటి సిమెంటు పోసి నింపాలె. సంఖ్య, లోతు మీ ఇంజినీరు ఖాయం చెయ్యాలె. రంధ్రంల పొడి ఊదకుండా సిమెంటు పోస్తే రాడు పట్టదు, చేత్తో గుంజితే వస్తది. ఎగువ దిక్కు వాననీళ్లు మళ్లడానికి చిన్న కాలువ మరువొద్దు.

పడమరకు ర్యాట్ ట్రాప్ కట్టుబడి మంచిది. ఇటుకలను పడుకోబెట్టకుండా సన్నటి పొడుగు అంచు మీద నిలబెట్టి 9 ఇంచుల గోడ కడితే మధ్యల ఖాళీ మిగుల్తది, వేడి తొందరగా దాటదు, ఇటుక దాదాపు పావు వంతు తగ్గుతది. ఇటుకలు ఒకే సైజు ఉండాలె. పావు ఇంచు తేడా వచ్చినా వరుస చెడ్తది. మాలు ఖాళీలోకి రాలకుండా చెక్క పట్టీ పెట్టి వెయ్యాలె, రాలితే గోడ గట్టిగా నిండిపోయి లాభం పోతది. మూలలు, తలుపు పక్కలు, లింటెల్ కింది వరుస మాత్రం నిండుగా కట్టాలె. కరెంటు పైపులు కడుతున్నప్పుడే ఖాళీలోంచి పైకి లాగండి. తర్వాత అడ్డంగా గాడి కొడితే నిలువు ఇటుక పగుల్తది.

జవాబు (స్ట్రక్చరల్ ఇంజినీరు): గోడల గురించి ఇంత మాట్లాడుకున్నం గానీ ఒక్క అంతస్తు ఇంటికి ఎక్కువ వేడి స్లాబు నుంచే దిగుతది. డబ్బు తక్కువైతే ముందు దానికే పెట్టండి. స్లాబు మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కాంక్రీటు సగటున 4 ఇంచులు, ఎనిమిదడుగులకు ఒక ఇంచు వాలుతో పరిచి, పైన తెల్ల టైలు ముక్కలు అతికించండి. చదరపు అడుగుకు 18–20 కిలోల బరువు పడ్తది, డిజైన్ అప్పుడే చెప్పాలె. స్లాబు పోసినంక చెప్తే పనికి రాదు. పిట్టగోడ కలిసే మూలను గుండ్రంగా తిప్పకపోతే పగులు వచ్చేది, నీళ్లు కారేది అక్కడే. ఇది కుదరకపోతే ఏటా ఫిబ్రవరిల స్లాబును తడిపి మూడు పల్చటి పూతలు తెల్ల సున్నం వెయ్యండి, మందంగా ఒకే పూత వేస్తే పెచ్చులూడ్తది. 2023ల తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ (ఎండను తిప్పికొట్టి చల్లగుంచే కప్పు) పాలసీ తెచ్చింది. 600 గజాల లోపు ఇళ్లకు తప్పనిసరి కాదు, అయినా మీకు అవసరమే.

ప్రశ్న: మా బోరుల ఫ్లోరైడు ఉంది. పైకప్పు నీళ్లు పట్టుకోవచ్చా?

జవాబు (ఆర్కిటెక్టు): తప్పక పట్టుకోండి. 1000 చదరపు అడుగుల కప్పు మీద 700 మిల్లీమీటర్ల వాన పడితే 65,000 లీటర్లు, వృథా తీసేస్తే 50,000 దాకా చేరుతయి. ప్రతి విడత మొదట వచ్చే నీళ్లు 200 లీటర్ల డ్రమ్ములోకి వదిలి, అది నిండినంకనే ఇసుక ఫిల్టరు మీదుగా సంపుకు మళ్లించండి. సున్నం పూసిన ఏడాది తొలి రెండు వానలు పూర్తిగా బయటికే. సంపు బండ లేని తూర్పు పల్లంల తవ్వండి, సెప్టిక్ ట్యాంకు దానికి దూరంగా, ఇంకా దిగువన ఉండాలె. మట్టం తేలకపోతే జాగ కొలతలు, బండ అంచులు గీసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తం.