“ఎత్తబడుట”, “ఎదుర్కొనుట”: 1 థెస్సలొనీకయులకు 4:17 మీద ఒక ప్రశ్న

ప్రశ్న:
ప్రభువు వచ్చేటప్పుడు విశ్వాసులను ఆకాశంలోకి తీసుకుపోతారని చెప్పడానికి సంఘాల్లో తరచూ వాడే “ఎత్తబడుట” అనే మాట ఏ వచనంలోది? మొదటి థెస్సలొనీకయుల పత్రిక 4:17 చూడమన్నారు. చూస్తే “ప్రభువును ఎదుర్కొనుటకు” అని ఉంది. ప్రభువును ఎదుర్కోవడమేమిటండి? ఎదిరించడమనే అర్థం రావడం లేదా?

జవాబు:
రెండో ప్రశ్నతోనే మొదలుపెడతానండి, అసలు సంగతి అక్కడే ఉంది. ఇవాళ మనం సమస్యను ఎదుర్కొంటాం, శత్రువును ఎదుర్కొంటాం. కానీ ఈ మాటకు పాత అర్థం ఎదురు వెళ్లి స్వాగతం చెప్పడం. “ఎదుర్కోలు”లో ఆ అర్థం ఇప్పటికీ బతికే ఉంది. మత్తయి 25:6లో అర్ధరాత్రి వినపడిన కేక గుర్తు తెచ్చుకోండి: “ఇదిగో పెండ్లికుమారుడు, అతనిని ఎదుర్కొన రండి.” అక్కడా ఇక్కడా గ్రీకు మాట ఒక్కటే, అపాంతేసిస్. అపొస్తలుల కార్యములు 28:15లోనూ అదే. పౌలు రోముకు వస్తున్నాడని విని అక్కడి విశ్వాసులు ఊరి బయట త్రిసత్రములు అనే చోటు దాకా ఎదురు వచ్చారు. కలిశాక ఎటు వెళ్లారు? పౌలుతో కలిసి రోముకే. వచ్చేవాడికి ఎదురు వెళ్లి, అతన్ని వెంటబెట్టుకుని తిరిగి రావడమన్నమాట. 4:17లోనూ అలాగే చదవాలని చాలామంది పండితులు అంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది.

ఇక “ఎత్తబడుట” ఆ వచనంలో లేదు. అక్కడున్నది “మేఘములమీద కొనిపోబడుదుము” అని. గ్రీకు క్రియ హర్పాజో, అంటే చటుక్కున పట్టుకుపోవడం. యోహాను 10:12లో తోడేలు గొర్రెల మీద పడి పట్టడానికి కూడా ఇదే క్రియ. లాటిన్ బైబిల్లో రాపియేముర్ అన్నారు, “ఎత్తబడుట”కు ఇంగ్లిష్‌లో వాడే రాప్చర్‌ ఆ ధాతువుదే. మన ప్రసంగాల్లో వినే “రహస్య రాకడ”, “ఏడేండ్ల శ్రమలు” అనేవి మాత్రం వచనంలోని మాటలు కావు, ఒక బోధలోని మాటలు. విశ్వాసులు ముందే రహస్యంగా ఎత్తబడతారని, ఆ తర్వాత మహాశ్రమలు అనే ఘోర కష్టాల కాలం వస్తుందని 1830ల నుంచి జాన్ నెల్సన్ డార్బీ అనే బైబిల్ బోధకుడు గట్టిగా చెప్పాడు. 1909లో అచ్చయిన స్కోఫీల్డ్ రిఫరెన్స్ బైబిల్‌లో పేజీ అడుగున ఇచ్చిన వివరణల ద్వారా అది ఇల్లిల్లూ చేరింది. క్యాథలిక్, ఆర్థడాక్స్, లూథరన్ సంఘాలు ఇలా వేరుగా ఒక రహస్య రాకడను బోధించవు. బోధించేవాళ్లలో కూడా అది శ్రమలకు ముందా, మధ్యలోనా, తర్వాతా అన్నదాని మీద ఏకాభిప్రాయం లేదు.

మరో ప్రశ్న:
అర్థం ఎలా తీసుకుంటే ఏమిటండీ? నమ్మేవాళ్లు నమ్ముతారు. దానివల్ల బయటివాళ్లకు వచ్చే తేడా ఏముంది?

జవాబు:
చాలా తేడా ఉందండి. ఎత్తబడడమంటే ఈ లోకం నుంచి “పారిపోవడం” అని చదివినవాళ్లకు ఈ లోకం వదిలేసి పోయే చోటు అయిపోతుంది. 1992 అక్టోబర్ 28న ఎత్తబడతామని దక్షిణ కొరియాలో ఒక సంఘం ప్రకటించింది. కొరియా భాషలో దాన్ని హ్యుగో అంటారు. చేపట్టి పైకెత్తడమనే అర్థమే, మన మాటకు తోబుట్టువు. చాలామంది ఉద్యోగాలు మానేశారు, ఆస్తులు అమ్ముకున్నారు. ఆ సంఘ నాయకుడి దగ్గర మాత్రం ఆ తేదీ దాటాక డబ్బు చేతికొచ్చే బాండ్లు దొరికాయి. మోసం కేసులో అతనికి శిక్ష పడింది. ఎత్తబడేది 2011 మే 21న అని అమెరికాలో హెరాల్డ్ క్యాంపింగ్ అనే బోధకుడు రేడియోలో చెప్పినప్పుడు కూడా, దాచుకున్న సొమ్మంతా ప్రచార బోర్డులకు ఖర్చు చేసినవాళ్లున్నారు. ఆ రోజు మామూలుగానే గడిచిపోయింది. మరుసటి ఏడాది ఆయన క్షమాపణ చెప్పాడు కానీ పోయిన డబ్బు తిరిగి రాలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది పిల్లల సంగతి. “విడువబడతావు” అనే మాట వింటూ పెరిగిన పిల్లలు, ఇంట్లో ఎవరూ కనపడకపోతే అమ్మానాన్నలు ఎత్తబడ్డారేమో, తాను మిగిలిపోయానేమో అని వణికిపోతారు. పెద్దయ్యాక కూడా ఆ టెన్షన్ పోలేదని చెప్పేవాళ్లున్నారు. ఈ భయానికి ఆధారంగా చూపే అధ్యాయం ఎలా ముగుస్తుందో చూడండి: “కాబట్టి మీరు ఈ మాటలచేత ఒకరినొకరు ఆదరించుకొనుడి.” చనిపోయిన తమవాళ్లు ఏమైపోతారోనని దుఃఖిస్తున్నవాళ్లకు పౌలు రాసిన ఓదార్పు అది. చనిపోయినవాళ్లే ముందు లేస్తారు, ఆ తర్వాతే మనం, అంతా “ఏకముగా” అన్నాడు. ఆ “ఏకముగా” అన్న మాటను బెదిరింపు ప్రసంగాల్లో ఎవరూ నొక్కి పలకరు. అదే అధ్యాయం 11వ వచనంలో సొంత పని చూసుకొమ్మని, చేతులతో పనిచేయమని చెప్పాడు. ఆ సంఘానికే రాసిన రెండో పత్రికలో, పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదని ఇంకా గట్టిగా అన్నాడు.

నమ్మకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ప్రభువు వస్తాడనే ఆశతో బతుకుతూ, ఆ ఆశతోనే రోగుల పక్కన కూర్చుని సేవ చేసేవాళ్లు ఎందరో ఉన్నారు. తేదీలు చెప్పేవాళ్లను మాత్రం ఆపి అడగాలి. ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియవని మత్తయి 24:36లో స్పష్టంగా ఉంది కదా.

ప్రశ్న అడిగినవారి నుంచి:
అయితే వాడుక తెలుగులో ఆ వచనాన్ని ఎలా రాయమంటారు?

జవాబు:
“ప్రభువుకు ఎదురేగడానికి” అనండి. “కలుసుకోవడానికి” అన్నా తప్పులేదు కానీ స్వాగతం చెప్పడమనే అర్థం జారిపోతుంది. “కొనిపోబడుదుము”కు “మనల్ని తీసుకుపోతారు” చాలు.