అదనపు లైట్ల రిలేకి ట్రిగర్ ఎక్కడి నుంచి తీసుకోవాలి: హై బీమా, ఇగ్నిషనా?

కొత్తస్టీరింగ్:
పికప్ ముందు బంపర్‌కి 60 వాట్ల ఎల్ఈడీ లైట్లు రెండు బిగిస్తున్నాను. 4 పిన్నుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్), 15 ఆంపియర్ల ఫ్యూజు, 2.5 చదరపు మి.మీ. వైరు. 30కి బ్యాటరీ, 87 నుంచి లైట్లకి, 85 ఎర్త్. ఇంతవరకూ అందరిదీ ఒకటే మాట. రిలేని ఆన్ చేసే ట్రిగర్ వచ్చే పిన్ను 86, దాని దగ్గరే తేడా. హై బీమ్ వైరు నుంచి తియ్యమని ఒకరు, ఇగ్నిషన్ నుంచి అని ఒకరు, నేరుగా బ్యాటరీ నుంచి అని ఇంకొకరు. హెడ్‌లైట్లు మామూలు హెచ్4 బల్బులే, ఒకే బల్బులో హై, డిప్ రెండు ఫిలమెంట్లు. ఏది కరెక్టు?

ఎనభైఏడు:
బ్యాటరీ నుంచి వద్దు. మర్చిపోయి దిగితే ఈ రెండు లైట్లూ 10 ఆంపియర్లు తాగుతూనే ఉంటాయి. 60 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ మూడు గంటల్లో సగమైపోతుంది, తర్వాత స్టార్టర్ టక్‌మని ఊరుకుంటుంది. ఇగ్నిషన్ ఆన్‌లో మాత్రమే కరెంటుండే ఫ్యూజు చూసుకుని, ఫ్యూజ్ ట్యాప్ (ఉన్న ఫ్యూజు చోటు నుంచే ఇంకో వైరు తీసే అడాప్టర్) పెట్టి, 3 ఆంపియర్ల ఫ్యూజుతో స్విచ్‌కి, అక్కణ్నుంచి 86కి. 85, 86 మధ్య ఉండే రిలే కాయిల్ లాగేది 0.15 ఆంపియర్లు, ఏ సర్క్యూటుకీ బరువు కాదు. పెద్ద ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. అది లైటుని కాపాడ్డానికి కాదు, వైరుని కాపాడ్డానికి. లైటు దగ్గర పెడితే మధ్యలో వైరు ఎక్కడ ఒరుసుకున్నా మంటే.

రాగితీగ:
ట్రిగర్ ఎక్కడ తీసుకున్నా లైటు వెలుగుతుంది. ఎర్త్ సంగతి ఒక్కరూ అడగలేదు. లైట్ల నల్ల వైరు ఎక్కడికి వెళ్తోంది? బంపర్ బోల్టుకా? నేరుగా బ్యాటరీ నెగటివ్‌కి లాగండి, పని అయిపోతుంది.

డిప్పుకొట్టు:
హై బీమ్. ఇంకో మాటే లేదు. ఎదురుగా బండి వస్తే డిప్ కొడతాం, అదనపు లైట్లు కూడా వాటంతటవే ఆరిపోవాలి. చెయ్యి ఇంకో స్విచ్ వెతుక్కోకూడదు.

బోల్టునట్టు:
హై బీమా అంటే ఏదో ఇన్సూరెన్స్ అనుకుని లోపలికొచ్చాను. వెళ్తున్నా.

ఎనభైఏడు:
రాగితీగ గారూ, బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద చిన్న సెన్సర్ ఉండే బండ్లున్నాయి కదండీ. వచ్చే పోయే కరెంటు లెక్క అది చూసి ఆల్టర్నేటర్‌కి చెబుతుంది. మీరు వైరు నేరుగా పోస్టుకి బిగిస్తే ఆ 10 ఆంపియర్లు లెక్కలోకే రావు. సెన్సర్ అవతల, బ్యాటరీ ఎర్త్ స్ట్రాప్ చాసిస్‌కి తగిలే చోట ఇవ్వాలి.

రాగితీగ:
సెన్సర్ లేని బండికి సెన్సర్ కథ ఎందుకు? పికప్‌లో క్యాబిన్ రబ్బరు బుష్షుల మీద కూర్చుంటుంది. వెనక బాడీ వేరే ముక్క. వాటికీ చాసిస్‌కీ మధ్య సన్నటి స్ట్రాప్ ఒకటో రెండో. ఏ బోల్టు చూస్తే ఆ బోల్టు ఎర్త్ అనుకోవడం పికప్‌లో కుదరదు. లెక్క కూడా చెబుతా. 2.5 వైరు మీటరుకి సుమారు 7.5 మిల్లీ ఓములు. పోను 3 మీటర్లు, రాను 3, మొత్తం 45 మిల్లీ ఓములు, 10 ఆంపియర్ల దగ్గర 0.45 వోల్టులు పోతాయి. ఫర్వాలేదు. అదే పెయింటు మీద బిగించిన బోల్టు ఒక్కటే 0.1 ఓము అడ్డం పెడితే 1 వోల్టు అక్కడే పోతుంది, 10 వాట్ల వేడి ఆ వాషర్ కింద పుడుతుంది. బోల్టు పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఎల్ఈడీ వెలుగు తగ్గించదు కాబట్టి ఎవరికీ తెలియదు, లోపలి డ్రైవర్ సర్క్యూటు తగ్గిన వోల్టుకి సరిపడా ఇంకాస్త కరెంటు లాక్కుంటుంది. హాలోజెన్ అయితే మోసం దాగదు. 10 శాతం వోల్టేజీ పడితే 30 శాతం వెలుగు పోతుంది. పోయిన చర్చలోనూ ఇదే చెప్పాను, ఎవరూ పట్టించుకోలేదు.

ఎనభైఏడు:
నేరుగా నెగటివ్‌కి లాగితే ఇంకో చిక్కుంది. లైటు బాడీ లోపల నెగటివ్‌కి కలిసి ఉండి, ఇంజిన్ ఎర్త్ స్ట్రాప్ ఏ రోజైనా వదులైతే, స్టార్టర్ లాగే వందల ఆంపియర్లు మీ 2.5 వైరులోంచి వెనక్కి వెళ్లడానికి చూస్తాయి. వైరు మీద తొడుగు కరిగి కారుతుంది. పాజిటివ్‌లో పెట్టిన ఫ్యూజు చూస్తూ కూర్చుంటుంది.

దుమ్ముదారి:
డిప్పుకొట్టు చెప్పిన పద్ధతి దుమ్ములో పనికిరాదు. ముందు బండి లేపిన దుమ్ములో హై వేస్తే ఎదుట తెల్లగోడే. అక్కడ కావాల్సింది డిప్ హెడ్‌లైట్లూ, వాటి కింద బంపర్ ఎత్తులో వెడల్పుగా పడే లైట్లూ. హై బీమ్‌కి ముడేస్తే సరిగ్గా అప్పుడే అవి వెలగవు. టాప్ మీద లైట్ బార్ పెట్టేవాళ్లకి కూడా ఒక మాట: కంటికి దగ్గరగా ఉన్న లైటు దుమ్ముని మొహం మీదికి తెస్తుంది, బానెట్ మీద పడి మెరుస్తుంది. బార్‌ని వెనక్కి జరపండి, లేదా బానెట్ మీద మెరవని నల్ల ఫిల్మ్ వేసుకోండి.

డిప్పుకొట్టు:
దుమ్ము పేరు చెప్పి వేరే స్విచ్ పెట్టించుకున్నవాళ్లే తారు రోడ్డెక్కాక కూడా అవి ఆపరు. ఎదురొచ్చేవాడి కళ్లలో కారం కొట్టినట్టు ఉంటుంది.

దుమ్ముదారి:
ఎవరో ఆపలేదని నాకు సంకెళ్లా? మీ బాధంతా వైరింగ్ మీద కాదు, మనుషుల మీద.

డిప్పుకొట్టు:
అవును, మనుషుల మీదే. స్విచ్‌ని నమ్ముతాను, స్విచ్ వేసే చేతిని నమ్మను. ఇప్పుడు అర్థమైందా?

గేరునాలుగు:
హమ్మయ్య. అసలు గొడవ ఇదన్నమాట.

కొత్తస్టీరింగ్:
ఆగండి బాబూ. హై బీమ్ వైరు నుంచి 86కి ఇచ్చి చూశాను, 85 ఎర్త్. డిప్‌లో లైట్లు వెలుగుతున్నాయి, హై వేస్తే ఆరిపోతున్నాయి! రిలే పాడా?

ఎనభైఏడు:
రిలే బాగానే ఉంది. మీ బండి హెడ్‌లైట్లని నెగటివ్ వైపు నుంచి స్విచ్ చేస్తోంది. హెడ్‌లైట్లు వేస్తే బల్బు కామన్ పిన్నుకి (రెండు ఫిలమెంట్లూ కలిసే పిన్ను) ప్లస్ వస్తుంది, హై, డిప్ పిన్నుల్లో దేన్ని ఎర్త్ చేస్తే ఆ తీగ వెలుగుతుంది. డిప్‌లో ఉన్నప్పుడు హై పిన్ను ఎర్త్ కాలేదు, ఫిలమెంటు గుండా అక్కడ 12 వోల్టులు నిలబడి ఉంటాయి, వాటితోనే మీ కాయిల్ లాగుతోంది. హై వేస్తే ఆ పిన్ను ఎర్త్ అయి కాయిల్ వదిలేస్తోంది. పరీక్ష: బల్బు కనెక్టర్‌లోనే ఉంచి డిప్ వేసి, మీటర్ నల్ల ముల్లు బ్యాటరీ నెగటివ్‌కి, ఎర్రది హై పిన్నుకి. 0 వస్తే ప్లస్ స్విచింగ్, 12 వస్తే మీ రకం.

దుమ్ముదారి:
అయితే 86కి ఇగ్నిషన్ ప్లస్, 85కి హై వైరు. సరిపోయింది.

ఎనభైఏడు:
సరిపోదు. హెడ్‌లైట్లు ఆపేసినా డిప్ స్విచ్ డిప్ పిన్నుని ఎర్త్‌కి పట్టుకునే ఉండే బండ్లున్నాయి. అప్పుడు కరెంటు 86లోంచి కాయిల్, హై ఫిలమెంటు, కామన్, డిప్ ఫిలమెంటు మీదుగా దొడ్డిదారిన ఎర్త్ చేరుతుంది. ఫిలమెంట్లు ఓములో భాగం, కాయిల్ 80 ఓములకి పైన. హెడ్‌లైటు మినుకుమనదు, రిలే మాత్రం టక్‌మని పట్టేస్తుంది. తాళం తిప్పగానే లైట్లు! అందుకే 86ని హెడ్‌లైటు కామన్ పిన్నుకే ఇవ్వాలి, 85ని హై పిన్నుకి. అంటే కాయిల్ హై ఫిలమెంటుకి పక్కన జోడీగా కూర్చున్నట్టు. రిలే లోపల డయోడ్ (కరెంటుని ఒక్క వైపే వెళ్లనిచ్చే భాగం) ఉంటే 86, 85 తారుమారు చెయ్యకండి, డయోడ్ షార్ట్ అయి హెడ్‌లైటు ఫ్యూజు పోతుంది. ఎల్ఈడీ హెడ్‌లైట్లు, కంప్యూటర్ నడిపే లైటింగ్ ఉన్న బండ్లలో ఈ వైరు ముట్టుకోవద్దు, రిలే తుమ్మెదలా గుయ్యిమంటుంది.

దుమ్ముదారి:
నా దుమ్ము లైట్ల సంగతి?

ఎనభైఏడు:
ఇంకో చిన్న రిలే పెట్టండి. దాని కాయిల్ పైన చెప్పినట్టు హెడ్‌లైటుకి. 30కి ఫ్యూజు ఉన్న ఇగ్నిషన్, 87 వెళ్లి ఆన్-ఆఫ్-ఆన్ స్విచ్ పై పిన్నుకి. స్విచ్ కింది పిన్నుకి నేరుగా ఇగ్నిషన్. మధ్య పిన్ను పెద్ద రిలే 86కి, దాని 85 ఎర్త్‌కి. ఒక వైపు వేస్తే హై బీమ్‌తోపాటే, మధ్యలో ఆఫ్, రెండో వైపు వేస్తే ఎప్పుడంటే అప్పుడు.

డిప్పుకొట్టు:
ఆ కింది పిన్నే వద్దంటున్నాను. కావాలంటే దానికి వేరే రిలే పెట్టి బంపర్ కింది వెడల్పు లైట్లకి మాత్రమే ఇవ్వండి. దూరం కొట్టే స్పాట్లకి మాత్రం హై బీమ్ ఒక్కటే.

దుమ్ముదారి:
స్పాట్లు మీరే పెట్టుకోండి. నాకు వెడల్పువి చాలు.

రాగితీగ:
అంతా అయిందిగా. కొత్తస్టీరింగ్ గారూ, ఇంతకీ నల్ల వైరు ఎక్కడ బిగించారు?

కొత్తస్టీరింగ్:
బంపర్ బోల్టుకండీ. కొత్త బంపర్, పౌడర్ కోటింగ్.

రాగితీగ:
గీకారా?

కొత్తస్టీరింగ్:
లేదు.

రాగితీగ:
లైట్లు వేసి ఉంచి, మీటర్ నల్ల ముల్లు బ్యాటరీ నెగటివ్‌కి, ఎర్రది లైటు నల్ల వైరు చివరకి పెట్టండి. 0.2 వోల్టులు దాటకూడదు.

కొత్తస్టీరింగ్:
1.1 చూపిస్తోంది.

రాగితీగ:
లోహం మెరిసేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి, బిగించాక పైన గ్రీజు పూయండి. మళ్లీ కొలవండి. ఇక్కడే ఉంటాను.