ఇంట్లో చిన్న నగలు దాచడానికి ఏ వస్తువు మంచిది?

ప్రశ్న: పెద్ద నగలు లాకర్లో ఉన్నాయి. రెండు జతల కమ్మలు, సన్న గొలుసు, వెండి పట్టీలు ఇంట్లోనే ఉండాలి. బియ్యం డబ్బా సరిపోతుందా?

ప్లగ్‌పాయింట్ (జవాబిచ్చినవారి మారుపేరు): బియ్యం డబ్బా వద్దండీ. బీరువా, పరుపు, దేవుడి గది వెతికాక దొంగ చెయ్యి పడేది అక్కడే. డమ్మీ స్విచ్ బోర్డు, అంటే వైర్లు లేని ఉత్తుత్తి బోర్డు మేలు, నగలు దాని లోపల పెట్టొచ్చు. 3 మాడ్యూళ్ల (మూడు స్విచ్‌లు పట్టేంత) సర్ఫేస్ బాక్సు (గోడ తవ్వకుండా పైనే బిగించేది), దానికి సరిపడే ప్లేటు, ఒక స్విచ్, రెండు బ్లాంకులు (ఖాళీ చోటును మూసే ముక్కలు) చాలు. మిగతా బోర్డుల ఎత్తులోనే, అదే రంగులో బిగించండి. సాకెట్ మాత్రం పెట్టకండి. అది లోపల చోటు తినేస్తుంది, పైగా ఎవరో ఒకరు ఛార్జర్ గుచ్చి, రావట్లేదని ఎలక్ట్రీషియన్‌ను పిలుస్తారు.

మువ్వలు (ఇంకొకరి మారుపేరు): వైర్లున్న అసలు బోర్డులో మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, బంగారం కరెంటును ఇట్టే పాకిస్తుంది, ప్రాణం మీదికొస్తుంది. పట్టీలకు రబ్బరు బ్యాండు చుట్టకండి. రబ్బర్లోని గంధకంతో వెండి నల్లబడుతుంది. జిప్ కవర్లో గాలి తీసేసి మూయండి. ముత్యాలుంటే మెత్తటి గుడ్డలో విడిగా చుట్టండి.

ప్రశ్న అడిగినవారు: బాత్రూమ్ పక్క గోడ ఖాళీగా ఉంది, పర్లేదా?

ప్లగ్‌పాయింట్: చెమ్మ దిగే గోడ, వద్దండీ. లోపలి గదుల మధ్య గోడ చూడండి. ఇంట్లో ఇంకొకరికి తప్పక చెప్పి ఉంచండి. రంగులేసేవాళ్లు ముందు విప్పేది బోర్డులే, ఆ రోజుకు ముందే ఖాళీ చేయాలి.