పోస్ట్‌గ్రెస్: కాన్ఫిగ్ ఫైల్ తీసేసినా టెస్ట్ పాస్ అవుతోంది, ఎందుకు?

ప్రశ్న:
ఉబుంటులో పోస్ట్‌గ్రెస్ 16 డేటాబేస్ సర్వర్. కాన్ఫిగ్ ఫైళ్లు ఒక్కొక్కటీ మాయం చేస్తూ సర్వర్‌ని పరీక్షించే స్క్రిప్ట్ రాస్తున్నాను. పీజీ_హెచ్‌బీఏ.కాన్ఫ్ (ఎవరు కనెక్ట్ కావచ్చో చెప్పే ఫైల్) పేరు మార్చి రీలోడ్ కొడితే పీజీ_రీలోడ్_కాన్ఫ్ ఫంక్షన్ 'ట్రూ' అంటోంది, కొత్త కనెక్షన్లూ మామూలుగా వస్తున్నాయి. ఎర్రర్ రావాలి కదా?

జవాబు 1:
రాదండి. ఆ ఫంక్షన్ సిగ్‌హప్ (కాన్ఫిగ్ మళ్లీ చదవమనే సిగ్నల్) పంపి ఊరుకుంటుంది. ట్రూ అంటే సిగ్నల్ వెళ్లిందని, అంతే. ఫైల్ దొరక్కపోతే లాగ్‌లో లైన్లు పడతాయి, మెమరీలోని పాత రూల్సే నడుస్తాయి. దెబ్బ తగిలేది రీస్టార్ట్‌లో. అందుకే ప్రతి ఫైల్‌కీ రెండు టెస్టులు కావాలి: నడుస్తుండగా తీసేసి రీలోడ్ ఒకటి, ఆపి తీసేసి స్టార్ట్ ఒకటి.

స్టార్ట్‌లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్ (మెయిన్ కాన్ఫిగ్ ఫైల్) లేకపోతే సర్వర్ ఎగ్జిట్ కోడ్ 2తో ఆగిపోతుంది. మెసేజ్ స్టాండర్డ్ ఎర్రర్‌కే వస్తుంది, లాగ్ ఫోల్డర్‌లో వెతక్కండి. హెచ్‌బీఏ లేకపోతే ఫేటల్, కోడ్ 1. ఐడెంట్ ఫైల్ (బయటి యూజర్ పేర్లను డేటాబేస్ యూజర్లకు జతచేసే మ్యాప్) లేకపోతే లాగ్‌లో గొణిగి లేస్తుంది, యూజర్ మ్యాప్ వాడే లాగిన్లే పడవు. నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదం ఆటో.కాన్ఫ్ (ఆల్టర్ సిస్టమ్ కమాండ్ రాసే ఫైల్) పోవడం: సర్వర్ శుభ్రంగా లేస్తుంది, ఆల్టర్ సిస్టమ్‌తో పెట్టిన విలువలన్నీ గల్లంతు. కాబట్టి లేచిందా అని కాదు, షో కమాండ్‌తో విలువ చూడండి.

కోడ్ తేడా తెలియాలంటే పోస్ట్‌గ్రెస్ బైనరీనే నేరుగా నడపాలి. పీజీ_సీటీఎల్ (సర్వర్‌ని స్టార్ట్, స్టాప్ చేసే టూల్) అయితే రెండిటికీ 1 ఇస్తుంది.

జవాబు 2:
పైది నిజమే, కానీ ఉబుంటు ప్యాకేజీ క్లస్టర్ (దాంతో వచ్చిన డేటాబేస్ సెటప్) మీద ఈ పని వద్దు. అక్కడ కాన్ఫిగ్ ఈటీసీ కింద, డేటా వార్ కింద ఉంటాయి. పీజీ_సీటీఎల్‌కి డేటా డైరెక్టరీ మాత్రమే ఇస్తే, మీరేమీ తీయకుండానే 'ఫైల్ లేదు' అంటుంది, మీ టెస్ట్ ఉత్తుత్తిగా పాస్. రూట్ కాని యూజర్‌తో టెంప్‌లో ఇనిట్‌డీబీతో కొత్త క్లస్టర్ చేసి, పోర్ట్ 5499 లాంటిది పెట్టి, సాకెట్ (లోకల్ కనెక్షన్ల ఫైల్) డైరెక్టరీ కూడా టెంప్‌కే మార్చండి. లేకపోతే సాకెట్ పర్మిషన్ వల్ల స్టార్ట్ ఫెయిలై, అది కాన్ఫిగ్ వల్లే అనుకుంటారు.

ప్రశ్న అడిగినవారు:
సరే. రీలోడ్ నిజంగా జరిగిందో లేదో పీజీ_కాన్ఫ్_లోడ్_టైమ్ (కాన్ఫిగ్ చివరిసారి లోడైన సమయం) చూస్తే సరిపోతుందా?

జవాబు 1:
మెయిన్ ఫైల్‌కి సరిపోతుంది: ఫైల్ లేకపోతే ఆ టైమ్ కదలదు. హెచ్‌బీఏకి పనికిరాదు, మెయిన్ ఫైల్ బాగుంటే టైమ్ ముందుకు జరిగిపోతుంది. పీజీ_హెచ్‌బీఏ_ఫైల్_రూల్స్ వ్యూని సెలెక్ట్ చేయండి. అది డిస్క్ మీది ఫైల్‌నే చదువుతుంది కాబట్టి లేకపోతే వెంటనే ఎర్రర్.

జవాబు 3:
ఇంక్లూడ్ లైన్లు (మరో కాన్ఫిగ్ ఫైల్‌ని లోపలికి లాగేవి) మర్చిపోకండి. ఇంక్లూడ్ చెప్పిన ఫైల్ లేకపోతే స్టార్ట్ ఆగిపోతుంది, ఇంక్లూడ్_ఇఫ్_ఎగ్జిస్ట్స్ అయితే దాటేస్తుంది. విండోస్‌లో హెచ్‌బీఏ టెస్ట్ ఫలితం వేరు: అక్కడ ప్రతి కొత్త కనెక్షన్ ఆ ఫైల్‌ని మళ్లీ చదువుతుంది, కాబట్టి రీలోడ్ కొట్టకుండానే కొత్త లాగిన్లు ఆగిపోతాయి.