సమస్యాపూరణం: మగని వలదన్న మగువయె మాన్య యయ్యె

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్సులు. ఈ వారం సమస్య తేటగీతి నాలుగో పాదం:

*మగని వలదన్న మగువయె మాన్య యయ్యె*

గణాలు: మగని (న), వలదన్న (సల), మగువయె (నల), మాన్య (హ), యయ్యె (హ). యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన మైత్రి) మ–మా. మగణ్ణి వద్దన్న మగువ మాన్య ఎలా అయిందో చెబుతూ మిగతా మూడు పాదాలు మీరు పూరించాలి. ప్రాస అక్కరలేదు. యతి కుదరనిచోట ప్రాసయతి (ఆ రెండు చోట్లా రెండో అక్షరం కలవడం) వాడుకోవచ్చు.

వస్తువు 1937లో పుణె ప్రభాత్ ఫిల్మ్ కంపెనీ తీసిన హిందీ సినిమా ‘దునియా న మానే’. దర్శకుడు వి. శాంతారామ్. నారాయణ్ హరి ఆప్టే మరాఠీ నవల ‘న పటణారీ గోష్ట’ దీనికి ఆధారం. మరాఠీలో ‘కుంకూ’ పేరుతో జంటగా తీశారు. ముసలి వకీలు కాకాసాహెబ్‌గా కేశవరావ్ దాతే, మోసపోయి అతనికి భార్య అయిన నిర్మలగా శాంతా ఆప్టే నటించారు. పెళ్లి జరిగిపోయింది, కాపురానికి మాత్రం ఆమె ఒప్పుకోదు. కథ బలమంతా అక్కడే ఉంది.

కలలో అన్నదనో, నాటకంలో వేషమనో చెప్పి తప్పించుకునే పూరణలు వద్దు. కథలోంచే సమాధానం రావాలి.

గోదావరి గట్టు: నా పూరణ.

పెంచినట్టి వారె ధనముఁ బెట్టె నిడుచు
ముసలివానికి యిచ్చిరి ముద్దరాలి;
ఇష్ట మడుగని పెండ్లిని యెట్లు మోయు?
మగని వలదన్న మగువయె మాన్య యయ్యె.

నిర్వాహకుడు: మూడు పాదాలూ సమస్యలోకి సాఫీగా దిగాయి. ‘ఇష్ట మడుగని పెండ్లి’ అన్న మాటతో వైరుధ్యం విడిపోయింది. రెండు చోట్ల సవరణ కావాలి. ‘వానికి’ ద్రుతప్రకృతికం, అంటే చివర నకారం (ద్రుతం) చేరే పదం. దాని తర్వాత అచ్చు వస్తే యడాగమం రాదు, నకారం వస్తుంది: ‘వానికి నిచ్చిరి’. ‘పెండ్లిని’ కూడా అంతే: ‘పెండ్లిని నెట్లు’. గణాలు మారవు. రెండో పాదం చివర ‘ముద్దరాలిన్’ అన్న ద్రుతం ఉంది కాబట్టి మూడో పాదాన్ని ‘నిష్ట మడుగని’ అని మొదలుపెడితే విసంధి (సంధి చేయకుండా వదిలేసిన దోషం) కూడా పోతుంది.

గోదావరి గట్టు: ధన్యవాదాలండి. అప్పుడు ‘ని–నె’ యతి అవుతుందా?

నిర్వాహకుడు: కాదు. ఆ రెండు నకారాలూ సంధిలో వచ్చినవే, అందుకని లెక్కించవలసింది అచ్చులను. ఇ–ఎ స్వరమైత్రి ఉంది, చెల్లుతుంది. సవరించిన పద్యం:

పెంచినట్టి వారె ధనముఁ బెట్టె నిడుచు
ముసలివానికి నిచ్చిరి ముద్దరాలి;
నిష్ట మడుగని పెండ్లిని నెట్లు మోయు?
మగని వలదన్న మగువయె మాన్య యయ్యె.

పాత రీళ్లు: ఈ సినిమాలో నేపథ్య సంగీతం లేదు. ఇంట్లో పుట్టే సహజమైన చప్పుళ్లతోనే నడిపారు. అందుకే గోడ గడియారం టిక్కుటిక్కు కూడా పాత్ర లాగే పనిచేస్తుంది. అది పట్టుకుని రాశాను.

వాద్యఘోషయె లేని యా భవనమందు
గోడ గడియార మొక్కటే గొంతు విప్పె;
వృద్ధు గుండెకు నది తీర్పు విన్పఁ జాలె;
మగని వలదన్న మగువయె మాన్య యయ్యె.

నిర్వాహకుడు: మొదటి రెండు పాదాలు ఈ వారం వచ్చిన వాటిలో మేలైనవి. సినిమాను చెవితో విన్నవారు రాసినట్టుంది. ఇబ్బంది మూడో పాదంలో ఉంది. ఇంతవరకు నిర్మల ఊసే లేదు, నాలుగో పాదంలో హఠాత్తుగా మగువ ప్రత్యక్షమైంది. సమస్యను అతికించినట్టయింది. మూడో పాదాన్ని క్త్వార్థకంతో (‘చేసి’, ‘చెప్పి’ వంటి అసమాపక క్రియతో) ముగిస్తే దాని కర్త తప్పనిసరిగా మగువే అవుతుంది, అతుకు పోతుంది.

పాత రీళ్లు: అయితే ‘న్యాయవాదికిఁ దన తప్పు నాటఁ జెప్పి’ అంటే?

ఓరుగల్లు: ‘తన’ కర్తను చూపిస్తుందండి. ఇక్కడ కర్త మగువ. తప్పు ఆమెదే అన్న అర్థం వస్తుంది. ‘న్యాయవాదికి న్యాయమే నాటఁ జెప్పి’ అనండి.

పాత రీళ్లు: ‘న్యా’ సంయుక్తం కదా, ముందున్న ‘కి’ గురువు అయిపోదా? అప్పుడు గణభంగం.

నిర్వాహకుడు: అవదు. ‘న్యాయవాదికి’ విభక్తితో ముగిసిన వేరే పదం, సమాసం కాదు. ‘కి’ లఘువుగానే ఉంటుంది. ‘వాదికి’ భగణం, ‘న్యాయమే’ రగణం. యతి న్యా–నా సరిపోయింది. ఓరుగల్లు గారి సవరణ నాకు బాగా నచ్చింది. వృత్తి పేరులో న్యాయం ఉన్నవాడికి న్యాయం చెప్పవలసి రావడం ఆ ఒక్క పాదంలో పట్టేసింది.

తేనెపట్టు: సమస్యను విరిచి పూరించాను. మూడో పాదం ఇలా:

పెండ్లి పీటల పైననే పెద్ద మోస
మగని వలదన్న మగువయె మాన్య యయ్యె.

‘మోసము కని’ అని అన్వయం.

నిర్వాహకుడు: విరుపు ఆలోచన చక్కనిది. కానీ ‘మోసముఁ గని’ కావాలి, మీకు దొరికింది ‘మోసమ గని’. ‘ము’ను ‘మ’గా చేస్తే ద్వితీయార్థం రాదు. సమస్యలో అక్షరం మార్చే వీలు లేదు. కథాపరంగా కూడా పొరపాటు: ఆమె వద్దన్నది పీటల మీద కాదు, పెళ్లి అయ్యాక. తాళి పడ్డాక కూడా వద్దనగలగడంలోనే ఆమె గట్టిదనం ఉంది.

ఓరుగల్లు: సవతి కొడుకు వెకిలివేషాలు వేసినప్పుడు నిర్మల అతన్ని చితకబాదే ఘట్టం మీద:

కొడుకు వరుసైన వాఁడు తా నాశఁ జూపఁ
గఱ్ఱఁ జేఁబట్టి నేర్పుగాఁ గఱపె నీతి;
ఇంటి పరువునుఁ గాచిన దింతియె కద!
మగని వలదన్న మగువయె మాన్య యయ్యె.

గోదావరి గట్టు: మొదటి పాదంలో యతి తప్పిందండి. కొ–నా కుదరదు, ఆ–కారం తీసుకున్నా కుదరదు.

నిర్వాహకుడు: అవును. రెండు దారులున్నాయి. ‘తాఁ గోర్కిఁ జూపఁ’ అంటే కొ–గో మైత్రి. ‘తాఁ జెడుగుఁ జూపఁ’ అంటే కొడు–జెడు ప్రాసయతి. రెండోదే మేలు. ఆ కుర్రవాడు చేసినదానికి ‘కోర్కి’ మరీ సున్నితమైన మాట. మూడో పాదంలో ‘గాచినది + ఇంతి’, ఇ–ఇ యతి బాగుంది. భార్యగా ఉండనన్న మనిషే ఇంటి పరువు కాపాడిందన్న వాదన గట్టిగా నిలబడింది.

తేనెపట్టు: ‘కన్యాశుల్కం’ గుర్తుకొస్తోంది. లుబ్ధావధాన్లు మీద పూరించవచ్చా?

నిర్వాహకుడు: పోలిక సహజమే, పూరణకు మాత్రం ఒదగదు. అక్కడ సుబ్బిని తప్పించే ఎత్తు కరటకశాస్త్రిది, ఆడపిల్ల వేషం కట్టేది మహేశం. ఇక్కడ వద్దన్న మాట పెళ్లికూతురి నోట్లోంచే వచ్చింది. సమస్యలో ‘వలదన్న’ ఉంది గనుక ఆ నోరు కావాలి.

పాత రీళ్లు: ఒక సందేహం. ‘మాన్య యయ్యె’ అంటున్నాం, సినిమా పేరేమో ‘లోకం ఒప్పుకోదు’ అని. మరి ఎవరి దగ్గర మాన్య?

నిర్వాహకుడు: ఇంతవరకు వచ్చిన పూరణల్లో ఎవరూ ముట్టుకోని చోటు అది. లోకం మారదు. మారేది కాకాసాహెబ్ ఒక్కడే, తను చేసింది అన్యాయమని చివరికి గ్రహిస్తాడు. అన్యాయం చేసినవాడే తలవంచితే ఆ గౌరవానికి వేరే సాక్షి అక్కరలేదు. నా ప్రయత్నం:

లోక మొప్పదు; కాని యా లోప మెఱిఁగి
పతియె తుద కామె ముందట వంచెఁ దలను;
కట్టుబాట్లకు వెఱవక కదలకుండ
మగని వలదన్న మగువయె మాన్య యయ్యె.

ఓరుగల్లు: ‘తుద కామె’లో ద్రుతం లోపించింది కదా ఆర్యా? నా పద్యంలో అయితే ఊరుకునేవారా?

నిర్వాహకుడు: ‘వాని కిచ్చె’ వంటి ప్రయోగాలు కావ్యాల్లో ఉన్నాయి, ఆ ధైర్యంతో వాడాను. ‘తుదకు నామె’ అంటే గణం చెడుతుంది. రెండో పాదంలో ప–వం యతి కూడా చూడండి.

ఓరుగల్లు: సరేనండి, ఒప్పుకున్నాను. మొదటి పాదంలో సినిమా పేరు ఇమడడం బాగుంది.

నిర్వాహకుడు: వచ్చే వారం మరాఠీ పేరు ‘కుంకూ’ మీద. ఆటవెలది సరిపాదం, అయిదూ సూర్యగణాలు, యతి కుం–గొ:

*కుంకుమయె సతికినిఁ గొలిమి యయ్యె*